పదకొండో నంబరు పలక

మా అడవి బంగళాకు వచ్చిన అతిథికి ముందు మంచినీళ్ళు దొరికేవి కావు. ముందు బంగళా మీద చాడీలు దొరికేవి. బండి దిగి వరండా మెట్టు ఎక్కీ ఎక్కకముందే మా బంగళా వంట సాయిబు చేతులు కట్టుకుని నిలబడి మొదలుపెట్టేవాడు.

"మూల గది కురుస్తుందండి. మంచానికి మూడు కాళ్ళే గట్టివి, నాలుగో కాలి కింద ఇటుక పెట్టాం, తన్నకండి. స్నానాల గదిలో తేళ్ళుంటాయి, చెప్పులు దులుపుకుని తొడుక్కోండి. బావి నీళ్ళు ఉప్పన, తాగడానికి వాగు నీళ్ళు తెప్పిస్తాం. నా చేతికి కారం ఎక్కువ. తగ్గించమంటే ఇప్పుడే చెప్పండి, వండాక చెబితే నేను చేసేదేమీ ఉండదు."

ఇదంతా అయ్యాకే చెంబు చేతికి ఇచ్చేవాడు.

కొత్తలో నేను నవ్వేవాణ్ణి. మన ఇంటిని మనమే తిట్టుకోవడమేంటి మామా, అని అడిగాను ఒకసారి. ఆయన ఉల్లిపాయలు తరుగుతూ తల ఎత్తకుండా చెప్పాడు. తేలు కుట్టాక అయ్యో అనడానికి ఊళ్ళో చాలామంది ఉన్నారట. కుట్టకముందు చెప్పడానికే మనకు జీతం ఇస్తున్నారట.

ఇప్పుడు మా ఊళ్ళో పాత శిల్పాలుంచిన రాళ్ళ షెడ్డు దగ్గరా, కొత్త అతిథిగృహంలోనూ పనిచేస్తున్న పిల్లలు నన్ను పట్టుకుని, తాతా మీ రోజుల్లో యాత్రికుల్ని ఎలా చూసుకునేవాళ్ళో రాసిపెట్టమన్నారు. నాకు పొగడ్తలు రాయడం చేతకాదు. జరిగిన సంగతి ఒకటి రాస్తాను. ఇందులో తప్పు చేసింది నేను. మంచిపని చేసినవాళ్ళు వేరే ఉన్నారు. ఎవరి పేరూ రాయను. పోయినవాళ్ళు అభ్యంతరం చెప్పలేరు, ఉన్నవాళ్ళకు చెప్పే ఓపిక లేదు.

మాది కొండల కింది ఊరు. పడమటి పక్క నల్లమల, తూర్పు పక్క కనుచూపు మేర మిరప, పత్తి చేలు. కలప బండ్లూ వెదురు బండ్లూ అడవి దిగి ఫారెస్టు డిపోలో ఆగేవి. గుంటూరు పోయే మిరపకాయల బండ్లు డిపో ఎదురుగా ఎడ్లను విప్పేవి. ఊరికంతటికీ రెండే వాసనలు, పచ్చి కలప, ఎండు మిరప. తుమ్ముతూ మాట్లాడుకోవడం మాకు అలవాటు.

నేను సత్తెనపల్లి పక్క నుంచి వచ్చినవాణ్ణి. రెండేళ్ళు వరసగా చేలు ఎండి కూలి పుట్టకపోతే పెళ్ళాన్ని వెంటబెట్టుకుని ఈ ఊరొచ్చి డిపోలో చేరాను. నా పని దుంగలకు గుర్తు వేయడం. దాని పద్ధతి చెప్పాలి, లేకపోతే తరువాత జరిగింది మీకు అర్థం కాదు. దుంగ రాగానే దాని నున్నటి ముఖం చూసుకోవాలి. నున్నగా లేకపోతే బాడిసెతో ఒక పెచ్చు లేపి నున్నగా చేసుకోవాలి. అక్కడ సుత్తి ముద్ర కొట్టి, తారు పూసి, ఆరాక తారు మీద సున్నంతో నంబరు వేయాలి. నంబరు లేని దుంగంటే దొంగ దుంగ కిందే లెక్క. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. అంకెలు మాత్రం వచ్చు. నా అంకెలు ముత్యాల్లా ఉంటాయని డిపోలో పేరు. ఆ పేరు కోసం నేను ఎండలో కూడా చెయ్యి వణక్కుండా వేసేవాణ్ణి.

కొన్నేళ్ళకు నన్ను బంగళా వాచరుగా వేశారు. టెంపరరీ. ఆ ఏడే నా పేరు పర్మనెంటు చేయమని పైకి రాయాల్సి ఉంది. పర్మనెంటు అయితే డిపో వెనక పెంకుటింటి వాటా ఇస్తారు. మేం అప్పటికి ఇద్దరు పిల్లలతో తాటాకు పాకలో ఉంటున్నాం. వాన పడితే నా భార్య పిల్లల్ని ఒళ్ళో వేసుకుని మూలకు జరిగేది. ఆ పెంకుటిల్లు ఆమె ఎప్పుడో తుడిచి ముగ్గు పెట్టేసింది, మనసులో.

కృష్ణ మీద పెద్ద డ్యాము పని మొదలైన కాలం అది. మునగబోయే లోయలో పాత విగ్రహాలు బయటపడుతున్నాయని చూడటానికి జనం వస్తున్నారు. అలా వచ్చినవాళ్ళలో కొందరు మా ఊరి వైపు కూడా తిరిగేవాళ్ళు. మాకు గుట్ట మీద ఒక కోట గుమ్మం, కింద ఒక మెట్లబావి, పొలాల్లో ఒక పెద్ద దిబ్బ ఉన్నాయి. దిబ్బ తవ్వితే నాపరాతి పలకలు వచ్చేవి. వాటి మీద తామరపూలు, గుర్రాలు, చేతులు జోడించిన మనుషులు. ఊళ్ళోవాళ్ళు మొహమాటం లేకుండా వాటిని తెచ్చుకుని గడపలకూ, పశువుల కొట్టాల్లో గాడిపాడులకూ వాడుకున్నారు. బ్రాడీపేట నుంచి వచ్చిన ప్లీడరు ఒకాయన మా సత్రం గడప మీద బోర్లా పడుకుని ఆ పూలను చూస్తుంటే, మూర్ఛ వచ్చిందనుకుని చేతిలో తాళాలు పెట్టారు.

రేంజరు గారు కొత్తగా వచ్చారు. చదువుకున్న మనిషి, చెడ్డవాడు కాదు, కాగితానికి భయపడేవాడు. ఒకరోజు పై నుంచి కాగితం వచ్చింది. పాత శిల్పాలు చదివే పెద్దాయన ఒకరు వచ్చి బంగళాలో దిగుతారట. ఈలోగా చెదిరిపోయిన పలకలన్నీ బంగళా ఆవరణలోకి చేర్చి, ఒక్కోదానికి నంబరు వేసి, జాబితా రాసి ఉంచాలట. నంబరు అన్న మాట వినగానే రేంజరు గారు నా వైపు చూశారు. నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

దుంగలు లాగే ఎడ్లతో ఆరు రోజులు పలకలు లాగాం. అన్నింటిలోకీ చాకిరేవు బండ తేవడమే కష్టమైంది. బంగళా దుప్పట్లు ఉతికే పెద్దమ్మ ఒకతె ఉండేది. అప్పటికే జుట్టు తెల్లబడ్డ మనిషి, గొంతు మాత్రం వాగు అవతలికి వినబడేది. ఆమె బట్టలు బాదుకునే బండ దిబ్బ పలకే.

"నా బండ పట్టుకుపోతే మీ అయ్యగార్ల దుప్పట్లు నీ వీపు మీద బాదనా?" అంది నాతో.

సాయిబు మామ నచ్చజెప్పాడు. వేరే బండ వేయించే పూచీ తనదన్నాడు. ఆమె గొణుక్కుంటూ మూట ఎత్తుకుని వెళ్ళాక పలకను తిరగేశాం. అడుగు ముఖం నున్నగా ఉంది. బొమ్మలేమీ లేవు. చీమలు బారు కట్టినట్టు మూడు వరసల సన్నటి గీతలున్నాయి. ఉలి పదును చూసుకోవడానికి ఎవడో గీసి ఉంటాడనుకున్నాను. రేంజరు గారు కూడా చూశారు. ఎడ్లను కట్టి లాగించమన్నారు.

అన్నీ కలిపి ఇరవై మూడు పలకలు. బొమ్మలున్న పలకలకు వెనక వైపు నంబరు వేశాను. దేవుడో ఎవరో, మొహం మీద తారు పూయకూడదన్న పాటి ఇంగితం నాకు ఉంది. చాకిరేవు పలక పదకొండోది. దాని పై ముఖం దెబ్బలు తిని నాచు పట్టి ఉంది, తారు అంటదు. కింది ముఖం నున్నగా ఉంది. డిపో పద్ధతి ప్రకారం నున్నటి ముఖమే ఎంచుకున్నాను. ఆ గీతలు అంకెల కింద నుంచి కనబడితే నంబరు అసహ్యంగా ఉంటుందని తారు రెండు పూతలు వేశాను, గీతలన్నీ పూడిపోయేదాకా. సున్నంతో పక్కపక్కన రెండు ఒకట్లు వేశాను. నేను వేసిన నంబర్లన్నిటిలోకీ అందంగా వచ్చింది అదే.

మరో రెండు రోజుల్లో పెద్దాయన వస్తారనగా మధ్యాహ్నం పెద్దమ్మ ఉతికిన దుప్పట్ల మూట తెచ్చింది. వరసలో తన బండ దగ్గర ఆగింది.

"నా రాయి మొహానికి మసి పూసిందెవర్రా?"

నేనే అన్నాను, కొంచెం గర్వంగానే.

"అది రాతరా. ఎవరో ఏదో రాసుకున్నారు, దాని మీద ఊరి మురికి బాదకూడదని మా అత్త చెప్పింది. ఆమెకు వాళ్ళత్త చెప్పింది. అందుకేగా ఇన్నేళ్ళూ బోర్లా వేసుకుంది."

రాత అయితే రేంజరు గారు చదివి ఉండేవారుగా, అన్నాను. ఆయనకు రాని రాత కూడా ఉంటుందని నాకు తోచలేదు. ఆయనకూ తోచలేదు. ఆ పలక ముందు కాలేజీ చదివిన ఆయనా, వేలిముద్ర వేసే నేనూ ఒకటే. చదువు లేని ఆ ముసలమ్మ ఒక్కతే దాన్ని రాత అని గుర్తుపట్టింది.

ఆ గోలకు రేంజరు గారు బయటికి వచ్చి సంగతి విని తెల్లబోయారు. కాసేపు అటూ ఇటూ నడిచి, తారు పై పొర లేపెయ్యమన్నారు నాతో. దుంగకు లేపినట్టే లేపితే అడుగున రాత ఉండనే ఉంటుందన్నారు. ఆయన భయంలో ఆయనకు అది నిజమే అనిపించింది. నాకూ అనిపించింది. బాడిసె తెచ్చాను.

ఒక్క దెబ్బ వేశాను. ఎడమ పక్క పై మూల, అరచేయంత పెచ్చు ఎగిరి పడింది. తారు రాతితో సహా వచ్చింది. రెండో దెబ్బకు బాడిసె ఎత్తేసరికి పెద్దమ్మ ఉతికిన దుప్పట్ల మూటను ఆ తారు మీదే పడేసి, దాని మీద కూర్చుంది.

"మరక పడిందని గుడ్డను కత్తిరిస్తామంట్రా? ముందు నన్ను చెక్కు, తరువాత దాన్ని చెక్కు."

రేంజరు గారు కేకలేశారు. ఆమె ఆయన జీతగత్తె కాదు, కదల్లేదు. సాయిబు మామ గరిటె చేత్తో పట్టుకునే వంటింట్లోంచి వచ్చాడు. పలకను చూశాడు, నా చేతిలో బాడిసెను చూశాడు. అయ్యా, వచ్చే ఆయనకు మనమే చెప్పుకుందాం, దారి ఆయనే చూపిస్తాడు, అన్నాడు.

"చెబితే పోయేది నేనొక్కణ్ణే కాదు," అన్నారు రేంజరు గారు. "వీడి పర్మనెంటు కాగితం నా బల్ల మీదే ఉంది. ఇంకా సంతకం పెట్టలేదు."

ఆ మాట మామతో అన్నా, విన్నది నేను.

పలకను బండ్ల షెడ్డులోకి ఈడ్చి టార్పాలిన్ కప్పాం. జాబితా మళ్ళీ రాశారు, ఇరవై రెండు పలకలని. పెద్దమ్మ తారు అంటిన దుప్పట్లను తిట్టుకుంటూ తిరిగి రేవుకు మోసుకెళ్ళింది.

పెద్దాయన రైలు దిగి ఎద్దుబండి మీద వచ్చారు. సన్నటి మనిషి, గొడుగు, కళ్ళజోడు. వెంట ఒక సహాయకుడు, వాడి చంకలో చాపచుట్టంత కాగితాల చుట్ట. నేను పెట్టె దించుతున్నాను. రేంజరు గారు స్తంభం పక్కన నిలబడ్డారు. సాయిబు మామ ఎప్పటిలాగే చేతులు కట్టుకుని చాడీలు మొదలుపెట్టాడు. గది అయింది, మంచం అయింది, తేళ్ళు అయ్యాయి, కారం దగ్గరికి వచ్చింది. పెద్దాయన చిన్నగా నవ్వుతూ వింటున్నారు.

మామ చెంబు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంకోటి ఉందండి. అది మావాడు చెబుతాడు."

అందరూ నా వైపు తిరిగారు. నాకు రేంజరు గారి మొహం కనబడింది. దాని వెనక పెంకుటిల్లు కనబడింది. పెట్టె ఇంకా భుజం మీదే ఉంది.

"ఏమీ లేదండి," అన్నాను.

మామ చెంబు అతిథి చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. ఆ పూట నాకు అన్నం పెట్టాడు, కూర వేశాడు, తను కూడా పక్కనే కూర్చుని తిన్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. తిడితే తిరిగి అనడానికి నా దగ్గర నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి. అవి నోట్లోనే ఉండిపోయాయి.

మర్నాడు పెద్దాయన కోట గుమ్మం మీది రాతకు అచ్చు తీసుకోవడానికి బయలుదేరారు. నీళ్ళ కుండ మోయడానికి నేను. ఆ పని చూడటం నాకు అదే మొదలు. రాతిని శుభ్రంగా కడిగారు. తడి కాగితం దాని మీద పరిచి, గట్టి బ్రష్షుతో మెల్లగా తట్టారు, రాతి పల్లాల్లోకి కాగితం దిగేదాకా. ఆరుతుండగా సిరా అద్దిన గుడ్డ మూటతో పైపైన కొట్టారు. కాగితం నల్లబడింది, రాత తెల్లగా లేచింది. అది మన తెలుగేనట, పాతదట. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పైకి చదివారు. ఎవరో ఈ దారిన పోయేవాళ్ళకు ఎండాకాలం నాలుగు నెలలూ మంచినీళ్ళు పోయడానికి ఒక చేను రాసిచ్చాడట. ఆ చేను మిరప బండ్లు ఆగే చోటేనని దిక్కులను బట్టి నేనే చెప్పాను. ఆయన సంతోషించి పుస్తకంలో రాసుకున్నారు. రాయి మీది గీతలంటే ఏంటో అప్పుడు తెలిసింది నాకు. షెడ్డులో ఉన్న మూడు వరసలు కళ్ళ ముందు కనబడ్డాయి.

బంగళాకు తిరిగొచ్చాక ఆయన ఆవరణలో పలకల వరస వెంట నడిచారు. వంగి చూడటం, రాసుకోవడం. నంబర్లు వెనక ఉన్నాయని పక్కకు వంగి ఒక్కోటి సరిచూసుకుంటున్నారు. నేను, రేంజరు గారు వెనకాలే ఉన్నాం. మామ వరండాలో బియ్యం ఏరుతున్నాడు. పదో పలక దాటి, తరువాతి పలక వెనక్కి వంగి, మళ్ళీ వెనక్కి వచ్చారు.

పది తరువాత పన్నెండు ఉందేమిటి, పదకొండు ఏదీ, అని అడిగారు.

మా ముగ్గురిలో ఒక్కరికీ అది తట్టలేదు. జాబితా మార్చాం, పలకను దాచాం, రాళ్ళ మీది నంబర్లు మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఇరవై రెండు పలకలు, ఆఖరి పలక మీద ఇరవై మూడు.

రేంజరు గారు చప్పున అందుకున్నారు. "మావాడు చదువుకోలేదండి. అంకెలు తప్పేశాడు."

పెద్దాయన ఆ మాట నమ్మేశారు. ఫరవాలేదు, ఫరవాలేదు అంటూ పెన్సిలు తీసి పుస్తకంలో దిద్దుకోబోయారు. అంతటితో అయిపోయేది. నా కాగితం మీద సంతకం పడేది. పలకను ఎప్పుడో ఆ షెడ్డులోనే ఏ బండి చక్రం కిందో అడ్డంగా వేసేవాళ్ళం.

"అక్షరాలు రావండి," అన్నాను. "అంకెలు వచ్చు. పదకొండు ఉంది."

నిజాయితీ పొంగుకొచ్చి ఆ మాట అన్నానని మీరు అనుకోకండి. నాకు అంకెలు రావన్నారని అన్నాను. ఎనిమిదేళ్ళు ఒక్క దుంగకు నంబరు తప్పలేదు. ఆ పొగరు ముందు పెంకుటిల్లు కూడా నిలవలేదు. నోరు జారాక మిగతాది ఆపలేకపోయాను. తారు పూసింది నేనే, బాడిసె వేసింది నేనే అని చెప్పేశాను. చెక్కమన్నది ఎవరో చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా.

షెడ్డులో టార్పాలిన్ తీశాక పెద్దాయన పలక పక్కన కూర్చున్నారు. ఎగిరిపోయిన మూలను వేళ్ళతో తడిమారు.

"ఎన్ని దెబ్బలు వేశారు?"

ఒకటి, అన్నాను.

"ఒకటితో ఎందుకు ఆపారు?"

చాకలి పెద్దమ్మ అడ్డం కూర్చుందండి, అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆవిడను పిలిపించగలరా అన్నారు. నన్ను 'మీరు' అన్న మొదటి అధికారి ఆయన. అదీ అలాంటి పూట.

పెద్దమ్మ వచ్చింది. ఆయన ఆమెకు చెప్పలేదు, ఆమెను అడిగారు, తారు తీయడం ఎలా అని. సహాయకుడు కిరసనాయిలు తెస్తానన్నాడు. ఆమె వాణ్ణి ఎగాదిగా చూసింది.

"కిరసనాయిలు పోస్తే మరక పైనుంచి పోయి లోపలికి దిగుద్ది. నువ్వుల నూనె కావాలి. తొందరపడకూడదు."

వంటింట్లో నూనె జాడీ ఉన్నపళంగా ఖాళీ అయింది. రేపు పులుసు పోపుకి నూనె లేదని అయ్యగారికి ఇప్పుడే చెబుతున్నానండోయ్, అని మామ వంటింట్లోంచే కేకేశాడు. ఆమె పాత గుడ్డలు నూనెలో తడిపి పలక మీద పరిచింది, తారు మెత్తబడేదాకా. మెత్తబడ్డదాన్ని తాటాకు ఈనెలతో, గోటితో, ఒక్కో గీతలోంచి తీసింది. ఇనుము ముక్కను దగ్గరికి రానివ్వలేదు. నలుపు దిగిపోయినా రాయి నూనె తాగి జిడ్డుగా ఉంది. అప్పుడు చవుడు మన్ను మెత్తగా కలిపి చపాతీ పిండిలా పట్టించి ఎండకు వదిలేసింది. మన్ను ఎండి తెల్లబడుతూ లోపలి జిడ్డును పైకి లాగేసుకుంది. అది రాల్చేసి మళ్ళీ పట్టించింది. అలా ఎన్నిసార్లో. పట్టు అంచుల మీద మరక పడితే ఇలాగే తీస్తారట. పెద్దాయన ఒక్కరోజు ఉండి పోదామని వచ్చి మూడు రోజులు ఆగిపోయారు. పీట వేసుకుని ఆమె పక్కన కూర్చుని చూశారు. ఆమె నీళ్ళు అడిగితే ఆయనే లేచి అందించారు. నేను మన్ను కలిపాను. నాకు ఆ పని తప్ప ఇంకేం ముట్టుకోనివ్వలేదు ఆమె.

మొదటి రోజు సాయంత్రం మామ అన్నం పెడుతూ, "ఉప్పు సరిపోయిందా అబ్బాయ్?" అన్నాడు. నేను తల ఊపాను. కూరలో ఉప్పు ఉందో లేదో నాకు తెలియలేదు.

మూడో రోజు పలక కడిగేసరికి మూడు వరసలూ నేను మొదట చూసినట్టే ఉన్నాయి, ఆ మూల తప్ప. అది తెలుగు కాదట. పదహారు పదిహేడు వందల ఏళ్ళ కిందటి లిపి అట. రేంజరు గారు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని లోపల్లోపల చదువుకుని, తరువాత పెద్దమ్మ వైపు తిరిగి మన మాటల్లో చెప్పారు. ఒక గృహస్థు ఇల్లాలు తన కూతుళ్ళతో కలిసి ఈ పలకను ఇచ్చింది, అని.

"ఆడమనిషా ఇచ్చింది?" అంది పెద్దమ్మ. "పేరేంటయ్యా ఆవిడది?"

ఆయన మళ్ళీ పలక మీదికి వంగారు. వేలు రాతి మీద ఎడమ పక్కకు, పైకి వెళ్ళి, ఆ అరచేయంత గుంట దగ్గర ఆగింది.

"పేరు మొదట్లో ఉండాలమ్మా. ఆ చోటు లేదు."

ఎవరూ నా వైపు చూడలేదు. పెద్దమ్మ తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండును. ఆమె చేతుల మన్ను కొంగుకు తుడుచుకుంది.

"ఆ పూట నేను ముందే రావాల్సింది," అంది. "దుప్పట్లు ఆరలేదు."

ఆ తరువాత జరిగింది చెబుతాను. పెద్దాయన పైకి రాసిన కాగితంలో నా మీద ఫిర్యాదు లేదు. పలకలు మా ఊళ్ళోనే ఉంచి నీడకు షెడ్డు కట్టించమని, చూపించడానికి స్థానికుణ్ణే పెట్టమని రాశారట. రేంజరు గారు తన సంజాయిషీ తనే రాసుకున్నారు, నంబరు వేయమన్నదీ చెక్కమన్నదీ తనేనని. ఆయన ఆ పని చేస్తారని నేను అనుకోలేదు. ఆయనను బదిలీ చేశారు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి ఒకసారి పట్టుకుని బండి ఎక్కేశారు. నా పర్మనెంటు రెండేళ్ళు ఆగింది. ఆ రెండు వానాకాలాలూ నా భార్య నన్ను ఒక్క మాట అనలేదని రాస్తే అబద్ధం. చాలా అంది. అన్నీ న్యాయమైనవే. మామ పెద్దమ్మకు మాటిచ్చినట్టే కొత్త బండ వేయించాడు. అది జారుతుందని ఆమె చివరిదాకా తిడుతూనే ఉతికింది.

ఆ షెడ్డు కట్టాక పలకలు చూపించే పని నాకే ఇచ్చారు. డిపో వెనక పెద్దవాళ్ళకు బడి పెడితే చేరాను. నా కొడుకు రెండో తరగతి, నేను ఒకటో తరగతి. వాడు నా పలక మీద తప్పులు దిద్దేవాడు. ముప్పై నాలుగేళ్ళు దాటాక నాకు కూడబలుక్కుని చదవడం వచ్చింది.

అప్పుడొకరోజు టపాలో బంగళాకు ఒక పుస్తకం వచ్చింది. మా ప్రాంతపు రాళ్ళ మీది రాతలన్నీ పెద్దాయన తెలుగులో అచ్చు వేయించారు. వరండాలో కూర్చుని వేలు పెట్టి ఒక్కో పేజీ తిప్పాను. మా ఊరి పేరు దొరికింది. పదకొండో పలక దొరికింది. దాని కింద, తారు పడిన మరకను నూనెతోనూ చవుడు మన్నుతోనూ తీసి రాతను కాపాడిన రజక స్త్రీకి కృతజ్ఞతలు అని ఒక వాక్యం ఉంది. దాన్ని మామకు రెండుసార్లు చదివి వినిపించాను, పెద్దమ్మకు మూడుసార్లు. నా తప్పు ఎక్కడైనా రాశారేమోనని వెతికాను. ఎక్కడా లేదు. పలక మీది రాత మాత్రం ఇలా మొదలైంది. ముందు మూడు చుక్కలు, ఆ తరువాత 'ఇల్లాలు, కూతుళ్ళతో కలిసి' అని.

ముప్పై ఏళ్ళ నౌకరీలో నేను చేసినవాటిలో అచ్చుకెక్కినవి ఆ మూడు చుక్కలే.